ముందువాడి అడుగులో

మా మనవరాలి బారసాల రోజున నాకు మొదటిసారి ఏదో తేడాగా ఉందనిపించింది.

జగదల్‌పూర్‌లో మా ఇంటి ముందుగదిలో పీట వేసి, పళ్లెంలో బియ్యం పోసి, మా అల్లుడు నాగేష్ చేత పేరు రాయించాం. "మైన" అని రాశాడు. పాపను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. దాని పిడికిట్లో తన వేలు పెట్టి ఆడించాడు. ఆ తర్వాత మా ఆవిడ, "బాబూ, పాపను బయటికి తీసుకెళ్లి సూర్యుడికి చూపించండి" అంది. నాగేష్ లేవకుండానే పాపను మా అమ్మాయి హేమ చేతికి ఇచ్చేశాడు. గోడ పట్టుకుని లేచి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నువ్వే చూపియ్యి" అన్నాడు హేమతో.

చుట్టాల ఎదుట హేమ ముఖం చిన్నబోయింది.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా పని చేసి రిటైరయ్యాను. పుట్టింది విజయనగరం జిల్లాలో అయినా ఉద్యోగమంతా కిరండూల్ లైన్లో, ఇనుప ఖనిజం బళ్ల వెనక బ్రేక్ వ్యాన్‌లోనే గడిచింది. బండి ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో గార్డు రాసుకోవాలి. ఆ అలవాటు ఇంటికీ పాకింది, ఇప్పటికీ రోజూ డైరీ రాస్తాను. ఆ రోజు డైరీలో "అల్లుడు పాపను ఎత్తుకోలేదు" అని రాసి, పక్కన "ఎందుకు?" అని పెట్టాను. అలాంటి ప్రశ్న ఒకటి పడితే జవాబు దొరికేదాకా నాకు స్థిమితం ఉండదు.

నాగేష్‌ది భోపాల్‌పట్నం దగ్గర వ్యవసాయ కుటుంబం. తెలుగువాళ్లే. నక్సలైట్ల కోసం అడవులు గాలించే ఫోర్స్‌లో జవాన్. మైన కడుపులో ఉండగా, బాసగూడ వైపు పెట్రోలింగ్‌కి వెళ్లినప్పుడు దారిలో పాతిన బాంబు పేలింది. హెలికాప్టర్‌లో రాయ్‌పూర్ తీసుకెళ్లారు. ఎడమ పిక్క చీలిపోయింది. చెవుల్లో హోరు. గాయానికి ఇన్‌ఫెక్షన్ పట్టింది. సర్జన్ మాతో, "కాలు కాపాడడానికి గట్టి యాంటీబయాటిక్ ఇస్తున్నాం. కిడ్నీ టెస్టులు రోజూ చూసుకుంటాం" అన్నాడు. జెంటామైసిన్ అనే ఇంజెక్షన్ చాలా రోజులు ఇచ్చారు. కాలు నిలిచింది. కర్ర సాయంతో మా ఇంటికే వచ్చాడు, కొన్నాళ్లకు కర్ర కూడా వదిలేశాడు. డ్యూటీ ఇక్కడే స్టోర్స్‌లో వేశారు. అందరం గండం గడిచిందనుకున్నాం.

నడక మాత్రం మారిపోయింది. కాళ్లు ఎడంగా వేసి, చూపు నేల మీద నుంచి ఎత్తకుండా నడిచేవాడు. పలకరిస్తే ఆగి, నిలదొక్కుకుని, అప్పుడు తలెత్తేవాడు. నేను ముందు నడుస్తుంటే నా వెనకే, సరిగ్గా నా కాలు పడినచోటే తన కాలు వేసేవాడు. సందులో ఇసుకపోసిన చోట చూస్తే ఇద్దరం నడిచినా ఒక్కరి జాడే ఉండేది.

దీనికి కారణం మాకు తెలుసనుకున్నాం. అడవిలో జవాన్లు మట్టిరోడ్డు మీద నడవరు. వరసగా, ముందువాడు అడుగు వేసిన చోటే వెనకవాడు అడుగు వేస్తూ వెళతారు. ముందువాడి కాలి కింద ఏమీ పేలలేదంటే అక్కడ భయం లేదన్నమాట. జవాన్ల ఇళ్లలో ఈ సంగతి ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా తెలుసు. పేలుడు చూసి వచ్చిన మనిషి నేల చూస్తూ నడిస్తే ఇక వింతేముంది?

సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్లాం. నాగేష్‌కి పీడకలలు వచ్చేవి, టపాకాయ పేలితే చెమటలు పట్టేవి. డాక్టర్ ఓపిగ్గా విన్నారు. "పీటీఎస్‌డీ లక్షణాలు ఉన్నాయి. ప్రమాదం దాటినా దాని భయం మనసులో మిగిలిపోయే జబ్బు. సిగ్గుపడాల్సింది కాదు. టైమ్ పడుతుంది" అన్నారు. మాత్రలతో కలలు తగ్గాయి, నిద్ర కుదిరింది. నడక మాత్రం బాగుపడలేదు సరికదా, ముఖం కడుక్కుంటూ రెండుసార్లు తూలి పడ్డాడు. మాత్రల మత్తు అనుకున్నాం. ఆయన డోసు తగ్గించారు. అయినా పడ్డాడు.

పాపను మాత్రం ఎత్తుకోలేదు. కూర్చుంటే ఒళ్లో పెట్టుకునేవాడు. ఏడిస్తే లేచి తిప్పేవాడు కాదు, హేమను కేకేసేవాడు.

ఒకరోజు హేమ వంటింట్లో నా దగ్గర ఏడ్చింది. "ఫొటోకైతే కూర్చుని పట్టుకుంటారు నాన్నా. ఏడిస్తే ఎవరి పిల్లో అన్నట్టు నాకిచ్చేస్తారు. ఆడపిల్లనా ఏటి?"

"అలగనకమ్మా. పేలుడు చూసిన మనిషి, భయం."

"ఎన్నాళ్లు? సొంతపిల్లంటే భయమేటి?"

అల్లుణ్ణి నేనే నేరుగా అడగొచ్చు కదా అని మీరనుకోవచ్చు. మా వైపు అల్లుణ్ణి "మీరు" అనే అంటాం. భోజనం గురించి, బళ్ల టైమింగుల గురించి మాట్లాడతాం. "మీ మనసులో ఏముంది" అని అడిగే వాడుక మా ఇళ్లలో లేదు. అతను కూడా నా ముందు కుర్చీలో వెనక్కి వాలేవాడు కాదు.

పాప పాకడం మొదలెట్టిన రోజుల్లో నాగేష్ ఒక మాట అన్నాడు. తను సెలవు పెట్టి ఊరికి పోయి, అటే బదిలీ చేయించుకుని ఉంటానని, జీతం ఇక్కడికే పంపిస్తానని. "నేనుంటే హేమకు ఇద్దరు పిల్లలైతున్నరు మామా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూడలేకపోయాను. హేమ లోపలి నుంచే, "వెళ్తానంటే వెళ్లనీ నాన్నా, ఆపకు" అంది. ప్రయాణానికి సంచి కూడా సర్దుకున్నాడు.

ఆ వారంలోనే ఫోర్స్ వాళ్ల కుటుంబ సమ్మేళనం వచ్చింది. పరివార్ మిలన్ అంటారు. రిటైరైన జవాన్లు వచ్చి, తాము చూసింది, ఇంటికొచ్చాక పడింది కుటుంబాలకు చెప్తారు. హేమ, నాగేష్ ఇద్దరూ రామన్నారు. నేను పట్టుబట్టి తీసుకెళ్లాను.

హాలు నిండా భార్యలు, తల్లిదండ్రులు, పిల్లలు. పోహా, సమోసా, టీ. మాట్లాడినవాళ్లలో నాకు గుర్తుండిపోయిన మనిషి హవల్దార్ కన్నయ్య. కిష్టారం వైపు దొర్ల అనే గిరిజన తెగ మనిషి. పెట్రోలింగ్ వరసలో చాలా ఏళ్లు ముందు నడిచినవాడు. మైకులో హిందీలో చెప్పాడు గానీ, ముందు వరసలో తెలుగు ముఖాలు కనబడితే మధ్యలో తెలుగులోకి దిగేవాడు.

"నేను రిటైరై ఇంటికొచ్చినంక నా పెండ్లాం పొయ్యి కాడికి పోతే ఆమె ఎనక ఆమె అడుగులోనే అడుగేసుకుంట పోయిన. ఆమె తిరిగి సూసి, 'ఏందయ్యా, నీకంటే ముందు నన్ను పేల్చేద్దామనా?' అన్నది."

హాలంతా నవ్వింది. నాగేష్ కూడా నవ్వాడు.

"కానీ ఆలోచించిన. అడవిల మట్టిని తవ్వి పెడతరు. మా ఇంట్ల గచ్చు. గచ్చును ఎవడు తవ్వుతడు? రెండు నెల్లకు నా కాళ్లకే తెలిసింది. ఇప్పుడు మట్టి మీద కిందికి సూస్త, గచ్చు మీద నా పెండ్లాం మొకం సూస్త."

మళ్లీ నవ్వులు. నేను నవ్వలేదు. నా చూపు నాగేష్ కాళ్ల మీదకు పోయింది. మేం వచ్చినప్పుడు అతను ఈ హాల్లో నున్నటి గ్రానైట్ నేల మీద నడుస్తూ కూడా కిందికే చూశాడు. కుర్చీల వీపులు ఒక్కొక్కటీ తాకుతూ వచ్చాడు. గ్రానైట్ కింద ఎవరు ఏం పాతిపెడతారు?

తర్వాత ఫొటోలు తెర మీద చూపించడానికి కర్టెన్లు వేసి లైట్లు తీశారు. అప్పుడే మైన ఏడ్చింది. పాలసీసా సంచి గోడ దగ్గర ఉంది. తీసుకురావడానికి నాగేష్ లేచాడు. రెండడుగులు వేశాడో లేదో కుర్చీల మీద పడ్డాడు. లైట్లు వేశారు. రిటైరైన జవాన్లు నలుగురు చుట్టూ చేరి భుజాలు పట్టుకున్నారు. "కోయీ బాత్ నహీఁ భాయ్. సబ్‌కో హోతా హై." అందరికీ అయ్యేదేనని ఓదార్చిన వాళ్లంతా అది చీకటి భయమేననుకున్నారు. కళ్లలో నిజమైన ప్రేమ ఉంది.

నేను నాగేష్ ముఖం చూశాను. టపాకాయ పేలినప్పుడు ఆ ముఖంలో రక్తం ఉండదు, చెమట పడుతుంది. ఇప్పుడు చెమట లేదు. ఎర్రబడి ఉంది. అది సిగ్గు.

టీ దగ్గర కన్నయ్యను పట్టుకున్నాను. "అన్నా, ఒక మాట. లైట్లు పోతే మీకు భయం వేస్తుందా? పడిపోతారా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చీకటికి మేమెందుకు పడతం? మేం నడిచేదే చీకట్ల. పగలైతే మమ్మల్ని అవతలోడు సూస్తడు. చీకటి మా దోస్తు."

"మరి మా అల్లుడు?"

కన్నయ్య టీ కప్పు పక్కన పెట్టాడు. "అది నాకు తెల్వదన్నా" అన్నాడు. "నాకు తెలిసిన భయం గట్ల ఉండదు."

బ్రేక్ వ్యాన్ గుర్తొచ్చింది నాకు. ఘాట్ సెక్షన్‌లో బండి సొరంగంలో దూరితే నా చెయ్యి నాకే కనబడేది కాదు. వ్యాన్ ఊగుతున్నా నేను నిలబడే ఉండేవాణ్ణి. కళ్లతో పని లేకుండా నన్ను నిలబెట్టింది ఏది? అది నాగేష్‌లో లేదా? ఈ ప్రశ్న తలలో పడ్డాక మర్యాద సంగతి మర్చిపోయాను. హాలు బయట మెట్ల మీద అతని పక్కన కూర్చున్నాను.

"బాబూ, మీరు కళ్లు మూసుకుంటే ఏమవుతుంది?"

"కండ్లు మూస్తే నేల ఉండది మామా" అన్నాడు. "ఏటి మీద పడవల నిలబడ్డట్టు ఉంటది. నడుస్తుంటే ఎదురుంగ బోర్డులు ఎగురుతయ్. చదవరాదు."

"మరి పాప?"

"పాపను ఎత్తుకుంటే నా కాళ్లు నాకు కనపడవు." పాదాల వైపు చూపించాడు. "నేల కనపడకపోతే పడత. దాన్ని పట్టుకుని పడత. గందుకే."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు బాబూ?"

"ఏమని చెప్పాలె? అందరు భయం అంటున్నరు. డాక్టర్ సాబ్ అన్నడు, దోస్తులన్నరు. నేను కూడ భయమే అనుకున్న. సొంతబిడ్డను ఎత్తుకోనీకి భయపడేటోడు ఏం మనిషి అని సంచి సదురుకున్న."

వెనక హేమ నిలబడి ఉంది. పాపను చంకలో పెట్టుకుని అంతా వింది. ఒక మెట్టు కిందికి దిగి అతని పక్కన కూర్చుంది. ఇంటికొచ్చాక సంచిలోని బట్టలు తీసి బీరువాలో పెట్టేసింది.

సైకియాట్రిస్ట్‌కి ఈ విషయం చెప్తే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. నాగేష్‌ని కాళ్లు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నారు. పడబోతుంటే ఆయనే పట్టుకున్నారు. "ఇది నా సబ్జెక్ట్ మాత్రమే కాదు. ఈఎన్‌టీ చూడాలి. నేనిచ్చే మందులు ఆపొద్దు, రెండూ ఉండొచ్చు" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక్కడి ఈఎన్‌టీ డాక్టర్ ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించి, ఎమ్మారై తీయించి విశాఖపట్నం పంపారు. మా లైన్ బండిలోనే వెళ్లాం. సొరంగాల్లో నాగేష్ కూర్చునే ఉన్నా కిటికీ ఊచ వదల్లేదు.

విశాఖలో చూసిన డాక్టరమ్మకు నాగేష్ వయసే ఉంటుంది. అతని తల రెండు చేతులతో పట్టుకుని, "నా ముక్కు చూడండి, చూపు వదలొద్దు" అని తలను చటుక్కున పక్కకు తిప్పింది. నన్ను దగ్గరకు పిలిచి, "కళ్లు గమనించండి" అంది. తల తిరిగిన ప్రతిసారీ చూపు ఆమె ముక్కు మీద నుంచి జారిపోయి, మళ్లీ గెంతి వచ్చి నిలిచింది. రెండు వైపులా అంతే. తర్వాత నన్ను కూర్చోబెట్టి నాకూ చేసి చూపించింది. నా చూపు కదల్లేదని నాగేష్ చెప్పాడు.

తర్వాత కేలరిక్ టెస్ట్. పడుకోబెట్టి చెవిలో చల్లనీళ్లు, వేడినీళ్లు మార్చి మార్చి పోశారు.

"ఎలా ఉంది?"

"నీళ్లు సల్లగున్నయ్ మేడమ్."

"తల తిరగట్లేదా?"

"లేదు మేడమ్. మంచిగనే ఉంది."

ఆమె నావైపు తిరిగింది. "వేరేవాళ్లయితే ఈపాటికి మంచం పట్టుకుని కేకలు పెడతారు. ఈయన హాయిగా ఉన్నారు. అదే సమస్య."

లోపలి చెవిలో, తల ఎటు కదిలిందో మెదడుకి చెప్పే భాగం ఉంటుందట. నాగేష్‌కి రెండు చెవుల్లోనూ అది దాదాపు పని చేయడం లేదు. బైలేటరల్ వెస్టిబ్యులర్ లాస్ అని రాసింది. నిలబెట్టడానికి కళ్లూ, అరికాళ్లూ మాత్రమే మిగిలాయి. చీకట్లో, సబ్బు నురగ కింద కళ్ల సాయం పోతుంది. మెత్తటి నేల మీద అరికాళ్ల సాయం పోతుంది.

"పేలుడు వల్లనా మేడమ్?" అని అడిగాను.

"పేలుడు కొంత కారణం కావచ్చు. ఎక్కువగా ఆ ఇంజెక్షన్ వల్ల అనుకుంటున్నా. కొందరిలో అది లోపలి చెవిని దెబ్బతీస్తుంది. కానీ ఆ రోజు అది ఇవ్వకపోతే కాలు ఉండేది కాదు."

నాగేష్ తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. "మల్లొస్తదా మేడమ్?"

"పోయింది రాదు. అబద్ధం చెప్పను. మిగిలిన రెండిటితో నడవడం మెదడుకి నేర్పాలి. రోజూ వ్యాయామం. ఎంత నేర్చుకుంటుందో మీ ఓపిక."

తిరుగు ప్రయాణంలో నాగేష్ ముఖం తేలికగా ఉంది. పోయింది రాదని విని తేలికపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. "నేను పిరికోణ్ణి కాదు గద మామా" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

వ్యాయామం చూస్తే చిన్నది, చేస్తే పెద్దది. క్యాలెండర్‌లోంచి ఒక అంకె కత్తిరించి గోడకి అంటించాం. దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి, అంకె చెదరకూడదు. పరుపు మీద నిలబడాలి. మొదట్లో వాంతులయ్యాయి. వానాకాలం వచ్చేసరికి బురదలో ఒకసారి పడి మోకాలు కొట్టుకుని, గోడమీది అంకె పీకేశాడు. కొన్ని వారాలు ఏమీ చేయలేదు. నేను ఒకటి రెండుసార్లు చెప్పబోతే మా ఆవిడ, "మీ గార్డు పెత్తనం బండి మీద చూపించండి" అని నా నోరు మూయించింది.

మళ్లీ మొదలుపెట్టించింది హేమ. ఇక్కడ వారపు సంతకి వచ్చే ఆడవాళ్లు పిల్లల్ని గుడ్డతో వీపున కట్టుకుంటారు. నెత్తిన బుట్ట, వీపున బిడ్డ, రెండు చేతులూ ఖాళీ. ఒకరోజు సంత నుంచి రాగానే హేమ తన పాత చీర ఒకటి మడిచి తెచ్చింది.

"ఇలా తిరగండి."

"ఏంది?"

"తిరగండి ముందు. ఇన్నేళ్లు పిట్టూ మోశారు కదా, పిల్లను మోయలేరా?"

పిట్టూ అంటే జవాన్లు వీపున మోసే సంచి. మైనను అతని వీపుకి ఎక్కించి, చీర రెండు కొంగులూ ఛాతీ మీదుగా తెచ్చి బిగించి కట్టింది. నాగేష్ కిందికి చూశాడు. తన రెండు కాళ్లూ కనిపిస్తున్నాయి.

వసారాలో ఆ చివరికి నడిచాడు. మళ్లీ ఈ చివరికి. పాప అతని జుట్టు పట్టుకుని కిలకిలమంది. హేమ చీర ముడి సరిచేస్తున్నట్టు అతని వెనకే నడుస్తూ ముఖం నాకు కనబడకుండా తిప్పుకుంది. మర్నాడు పొద్దున్నే గోడకి అంకె మళ్లీ అంటించి ఉంది.

బజారులో మగవాడు బిడ్డను వీపున కట్టుకుని తిరుగుతుంటే నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి సమ్మేళనానికి అలాగే వెళ్లాడు. కన్నయ్య దూరం నుంచే అరిచాడు: "ఏంరా తమ్మీ, నీ పిట్టూ పాలకేడుస్తాందిరా!" మైకు దగ్గర నాగేష్ ఎక్కువ మాట్లాడలేదు. తన నడక గురించి, చెవుల గురించి చెప్పి, "లైట్లు తీసే ముందు ఒకసారి చెప్పుండ్రి" అన్నాడు. అది విని ఒక తల్లి లేచి, తన కొడుక్కి కూడా ముఖం కడుక్కునేటప్పుడు ఇలాగే అవుతుందని చెప్పింది.

ఇప్పుడు మైన మాటలు చెప్తోంది. నాగేష్ స్టోర్స్‌లోనే ఉన్నాడు. బోర్డులు ఇంకా కొంచెం ఎగురుతాయట, చదవడానికి ఆగుతాడు. చీకటి పడితే టార్చి లేకుండా కదలడు. పీడకలలు ఎప్పుడైనా వస్తాయి, సైకియాట్రిస్ట్ దగ్గరకూ వెళుతున్నాడు.

మొన్న సాయంత్రం పాపను వీపున కట్టుకుని మా వాకిట్లో గచ్చు మీద నడుస్తున్నాడు. మైన వెనక నుంచి రెండు చేతులతో అతని కళ్లు మూసేసి, "ఎవరు?" అంది. నేను కుర్చీలోంచి లేవబోయాను. హేమ గుమ్మంలో ఆగిపోయింది. నాగేష్ నిలబడిపోయాడు. కాళ్లు ఎడంగా జరిపాడు. ఒళ్లు కొంచెం అటూ ఇటూ ఊగింది. చేతులు గాలిలోకి లేచాయి గానీ దేన్నీ పట్టుకోలేదు. పాప చేతులు తీయలేదు, అతనూ తీయమనలేదు.

"నేల ఉంది మామా" అన్నాడు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంటి మనిషి బాధకు అందరూ ఒకే కారణం చెప్తున్నప్పుడు, ఆ బాధ ఎప్పుడు వస్తుందో చూడటంతో ఆగకండి. ఎప్పుడు రావడం లేదో కూడా చూసి, ఆ రెండూ డాక్టర్‌కి చెప్పండి. మా అల్లుడు కూర్చున్నప్పుడు పాపను హాయిగా ఆడించేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరం రోజూ చూశాం, ఏ డాక్టర్‌కీ చెప్పలేదు.